చెవి కోసిన కుక్కలు

కాటారంలో బస్సు దిగగానే, రోడ్డు పక్క హోటల్లో పసుపు వేసి కోడికార్జం ఉడికిస్తున్న వాసన తగిలింది. మంచి ఆకలి మీదున్నాను. అయినా తోటి ఉద్యోగి తిందాం రమ్మంటే వద్దని గబగబా ముందుకు నడిచాను. ఆ వాసనతో పాటు నాకు సుగుణ మేడం గుర్తొస్తారు. గుర్తొస్తే ఇక తిండి సహించదు.

మహబూబాబాద్ పశువుల దవాఖానలో ఆమె డాక్టరు, నేను కొత్తగా చేరిన సహాయకుణ్ణి. పెంపుడు కుక్కలకూ, గల్లీ కుక్కలకూ పిల్లలు పుట్టకుండా మున్సిపాలిటీ ఖర్చుతో ఆపరేషన్లు చేసే పని మాకు అప్పగించారు. పట్టడానికి వలలు ఇచ్చారు. ఆమె వాటిని ఓ మూలకు విసిరేసి, పొద్దున్నే కార్జం ఉడికించుకొని, గిన్నె చంకన పెట్టుకొని గల్లీల్లో తిరిగేవారు. "దా బిడ్డా, దా" అంటే ఎంత బెదురు కుక్కయినా నాలుగు రోజుల్లో దగ్గరికొచ్చేది. నేను వల ముట్టుకుంటే కసిరేవారు. "భయపెట్టి పట్టుకొస్తే కుట్లు తెంపుకుంటది. నమ్మి రావాలె" అనేవారు. మహా కోపిష్టి మనిషి. ఉన్న ఓపికంతా కుక్కలకే, మాకు మిగిలింది తిట్లే. కానీ చేతిపని నేర్చుకున్నది ఆ తిట్లు తింటూనే.

జనానికి ఆ ఆపరేషన్ అంటే పాపం. యాకమ్మవ్వ అని మా దవాఖాన వెనక గల్లీలో ఉండేది. ఎర్ర కుక్కను పెంచుకునేది, దాని పేరు రాణి. మేడం అడిగితే ఆమె చెంపలేసుకుంది. ఆడదాని కడుపు కోయిస్తే తన మనుమరాలికి సంతానం కలగదట.

"ఉసురు తగుల్తది డాక్టరమ్మా."

"పోయినసారి దాని పిల్లల్ని సంచిల కట్టి మార్కెట్ల పడేసినవ్ గదా అవ్వా. వాటి ఉసురు తగలదా?"

అవ్వ మూడు రోజుల తర్వాత తనే రాణిని తాడుతో పట్టుకొచ్చింది. ఆపరేషన్ అయిందనడానికి గుర్తుగా చెవి కొస కత్తిరిస్తాం. మేడం ఆ చెవి చూపించి, ఇక దీన్ని ఎవరూ ముట్టరు, నాది పూచీ అన్నారు. అవ్వ నమ్మింది.

ఆ వార్డులో ఓ నాయకుడుండేవాడు. కుక్కల్లేని గల్లీ చేస్తానని ఇంటింటికీ చెప్పుకున్నాడు. ఆపరేషన్ చేసినవాటిని మళ్లీ ఇక్కడే ఎందుకు వదులుతున్నారు, ఎక్కడైనా అడవిలో పడేయండని దవాఖానకొచ్చి గొడవ పెట్టుకున్నాడు. ఏ గల్లీల పట్టిన్నో ఆ గల్లీలనే ఇడుస్తనని ఆమె మొహం మీదే చెప్పారు.

తర్వాత ఓ పొద్దున గల్లీ నిండా కుక్కలు పడి ఉన్నాయి. నోట నురగ. పక్కన విస్తరాకుల్లో పసుపు కార్జం. ఎవరు పెట్టారో తేలలేదు, తేల్చాలని ఎవరికీ లేదు కూడా. మా పిలుపు, మా తిండి చూసి ఎవరో నేర్చుకున్నారు. చచ్చినవన్నీ చెవి కోసినవే. మాకు చిక్కకుండా తిరిగిన బెదురు కుక్కలు కాలువల్లో దాక్కొని బతికిపోయాయి. యాకమ్మవ్వ రాణిని కొంగులో చుట్టి తెచ్చి దవాఖాన గడప మీద పెట్టింది.

"కోస్తే బతుకుతదంటివి గదమ్మా."

అవ్వ వెళ్లాక మేడం నాతో అన్నారు: "నమ్ముడు నేను నేర్పిన. మిగిలిన పని వాళ్లు కానిచ్చిన్రు."

అడిగి మరీ జనగామ ఆఫీసుకు బదిలీ చేయించుకున్నారు. మళ్లీ కత్తి పట్టలేదు. ఓసారి వెళ్లి కలిశాను. ఇంకా కార్జమే పెడుతున్నావా అని అడిగారు. లేదు మేడం, వలేస్తున్నానన్నాను. మంచిగ చేస్తున్నవ్ అన్నారు. ఆమె నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే, అది విని నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు భూపాలపల్లిలో అదే పని చేస్తున్నాను. కుట్లు మానాక కుక్కను దాని గల్లీకి తీసుకెళ్లి, బోను తెరిచే ముందు కట్టెతో ఊచల మీద బాదుతాను. కేకలేస్తాను. చూసినవాళ్లు కసాయివాడంటారు, అననీ. మొన్న ఓ ఆడకుక్క ఎంత తరిమినా పోలేదు. వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చొని తోకూపింది. రాయి తీసి కొట్టాను. కుయ్యిమంటూ కుంటుకుంటూ గోడ వెనక్కి పోయింది. దగ్గరికెళ్లి పిలిచి చూశాను, రాలేదు. ఇది బతుకుతుందనుకొని ఇంటికొచ్చాను.