దొడ్డమ్మ అడిగే మాట

కోడూరులో మా దొడ్డమ్మ బాలింతల్ని చూడ్డానికి వెళ్తే, మగవాళ్లని బయటికి పంపి, "లోపల ఏమన్నా బాధగా ఉందా అమ్మాయ్?" అని మెల్లగా అడిగేది.

ఆవిడకి కాన్పుల తర్వాత గర్భసంచి జారింది. ఆ బాధతోనే ఏళ్ల తరబడి నాట్లు వేసింది. చివరికి నడవలేకపోతుంటే మా అమ్మే బందరు ఆసుపత్రికి తీసుకెళ్లింది.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా?" అంది డాక్టరమ్మ.

"ఎవరూ అడగలేదండీ."

ఆపరేషనుతో నయమైంది. అప్పట్నుంచే ఈ అడగడం.

ఓ మధ్యాహ్నం మా వంటింట్లో, నేను అక్కడే ఉండగా, అమ్మనీ అడిగింది.

"నాకేంటక్కా, బానే ఉన్నాను," అంది అమ్మ.

దొడ్డమ్మ పీట లాక్కుని అమ్మ పక్కనే కూర్చుంది. అమ్మ గరిటె పక్కన పెట్టి, నెలనెలా ఆగకుండా పోతున్న రక్తం గురించి చెప్పింది. మర్నాడే ఇద్దరూ బందరు వెళ్లారు. మందులతో తగ్గింది.

అమ్మ తన ఒంటి గురించి మాట్లాడగా నేను వినడం అదే మొదలు.