లెక్కపెట్టకూడని విత్తనం

మీ ఇంట్లో పిల్ల లెక్క తప్పు చేస్తే, తప్పు ఎక్కడ జరిగిందో దానితో కలిసి వెతుకుతారా, లేక దాని తలరాత అంతేనని అక్కడికక్కడే తేల్చేస్తారా? జవాబు నాకు చెప్పనక్కరలేదు. మీలో మీరు చెప్పుకోండి, అబద్ధం లేకుండా.

నా చిన్నప్పుడు మా ఇంట్లో రెండోదే జరిగేది. మాది బత్తలపల్లె దాటాక రోడ్డు వదిలి లోపలికి పోతే తగిలే మెట్ట పల్లె. ఎర్రమట్టి, గులకరాళ్లు, వాన పడితే చెనక్కాయ, పడకపోతే ఆకాశం. ఊళ్లో ఒక బడి, బడికి ఒక అయ్యవారు, అయ్యవారి చేతిలో ఒక బెత్తం. ఎక్కాలు అప్పజెప్పే గంట వచ్చిందంటే నాకు నోరు ఎండిపోయేది. ఇంట్లో తడుముకోకుండా చెప్పిన ఎక్కం ఆ బెత్తం కంటబడగానే ఆవిరైపోయేది. ఆ భయాన్ని అందరూ తెలివితక్కువతనం అన్నారు. భయానికీ తెలివికీ మధ్య తేడా తెలియని పెద్దల చేతిలో పిల్లల చదువు ఉండటం ఎంత ప్రమాదమో ఇన్నేళ్ల తర్వాత కూడా మన దేశం సరిగా గ్రహించలేదు.

నాకంటే ముందు మా అక్కకు అదే జరిగింది. ఆమె లెక్కల్లో తప్పినప్పుడు అయ్యవారు మా నాయనను పిలిచి, "మీ పెద్దదాని తలకు లెక్కలెక్కవప్పా, ఊరికే యెందుకు తిప్పుతావు?" అన్నారు. నాయనకు అనుమానం తీరక, పంచాంగం చెప్పే ఆయన దగ్గరికి పోయి అక్క జన్మనక్షత్రం చూపించాడు. ఆయన వేళ్లు మడిచి, తెరిచి, మళ్లీ మడిచి అదే మాట చెప్పాడు. ఒకరు బెత్తం పట్టుకొని, ఒకరు నక్షత్రం పట్టుకొని ఒకే తీర్పు ఇస్తే మా నాయనలాంటి మనిషి ఇంకేం చేస్తాడు? అక్క చేతిలోంచి పలక పోయి కలుపు తీసే తొలిక వచ్చింది. తర్వాత నా వంతు వచ్చింది. ఆ ఏడాది పరీక్షలో నేనూ లెక్కల్లో తప్పాను. "వానలు పడినంక చిన్నది గూడా చేనికి వస్తాది" అని నాయన అమ్మతో అంటుంటే తలుపు ఇవతల నిలబడి విన్నాను. వాన కోసం ఊరంతా మొక్కుతుంటే, రాకూడదని కోరుకున్న మనిషిని ఆ వేసవిలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఎండలు ముదిరి, వానలు ఇంకా దిగని ఆ రోజుల్లో మా వైపు ప్రతి ఇంటి పంచలోనూ విత్తనం ఒలిచే పని నడిచేది. దాచిన చెనక్కాయలు సంచుల్లోంచి పోసి, చుట్టుపక్కల ఆడవాళ్లంతా చుట్టూ కూర్చొని చేత్తో ఒలిచేవాళ్లు. మంచి గింజ విత్తనానికి, పగిలినదీ ముడతపడినదీ పక్కకు. ఆ పనికి మా అవ్వ పెట్టిన కట్టుబాటు ఒకటుంది. విత్తనాన్ని లెక్కపెట్టకూడదు. లెక్కపెట్టిన గింజ మొలవదని, లెక్కపెట్టిన ఇంటిమీద వాన అలుగుతుందని ఆమె గట్టి నమ్మకం. కొలతకు చేట, గంప ఉన్నాయి కానీ ఒకటి, రెండు అన్న మాట ఆ పంచలో వినబడకూడదు. లెక్కలంటే వణికే నాకు ఆ కట్టుబాటు చల్లని నీడలా ఉండేది.

మా పక్కింట్లో ఒక క్రైస్తవ కుటుంబం ఉండేది. వాళ్ల చిన్న కూతురు పంతులమ్మ కావడానికి అనంతపురంలో శిక్షణకు పోతూ సెలవులకు వచ్చింది. నాయనను అన్నా అని పిలిచేది కాబట్టి మాకు ఆమె అత్త. ఒకనాటి మధ్యాహ్నం మాతో కలిసి ఒలుస్తూ నా దిగులు ముఖం చూసి, పక్కకు వేసిన పగిలిన గింజలను చేటలోకి లాక్కొంది.

"నీకు పట్టినన్ని గుప్పిట్లో పట్టుకో. ఎన్నో నాకు చెప్పొద్దు" అంది. "అవి జతజతలుగా సరిపోయేటట్లుంటే, నేను నావి కలిపి ఒంటిగింజ మిగిలేటట్లు చేస్తా. నీ దాంట్లో ఒంటిగింజ ఉందనుకో, దానికి జత దొరికేటట్లు చేస్తా. చూస్తావా?"

మా అవ్వ తల ఎత్తింది. "యేమ్మే, విత్తనం లెక్కబెడతాండావా?"

"లెక్కబెట్టలేదవ్వా, జతలు కడతాండా. పెండ్లి చేస్తే పాపమా?"

ఆడవాళ్లు గొల్లున నవ్వారు. అవ్వ మళ్లీ ఒలవడంలో పడింది. నేను గుప్పిట తెరిచాను, అత్త తన గుప్పిట కలిపింది. చేటలో జతలు కట్టి చూస్తే నావి సరిగ్గా జతలే, ఆమెవి కలిసేసరికి ఒక గింజ ఒంటిగా మిగిలింది. మళ్లీ ఆడాం. ఈసారి నా దగ్గర ఒంటిగింజ ఉంది. ఆమెవి పడగానే దానికి జత దొరికింది. ఎన్నిసార్లు ఆడినా ఆమె మాటే నెగ్గింది. నా గుప్పిట్లో ఎన్ని ఉన్నాయో నాకే తెలియదు, ఆమెకు ఎలా తెలుస్తుంది?

"సిలువ మహిమ, ఇంకేముంది" అంది ఒలవడానికి వచ్చినవాళ్లలో ఒకామె. అత్త మెడలోని సిలువ గొలుసు తీసి మా అవ్వ చేతిలో పెట్టి మళ్లీ ఆడింది. మళ్లీ గెలిచింది. "యేమప్పా, మహిమ ఇప్పుడు అవ్వ దగ్గరుండాది గదా, మరి నేనెట్ల గెలిచినా?" అని నవ్వింది. తర్వాత నావైపు తిరిగి, "మాయ లేదు, మంత్రం లేదు. ఎందుకో నువ్వే కనుక్కో. నేను మాత్రం చచ్చినా చెప్పను" అంది.

చెప్పను అన్న ఆ మాటే నాకు దక్కిన మొదటి చదువు. అంతవరకూ నాకు జవాబు చెప్పినవాళ్లున్నారు, జవాబు రాలేదని కొట్టినవాళ్లున్నారు. జవాబును నా కోసం అలా వదిలిపెట్టినవాళ్లు లేరు. అన్నం దిగడం లేదు, వేరే ధ్యాస లేదు. ఆమె కూర్చున్న చోటులో ఏదో ఉందనుకొని చోట్లు మార్పించాను. చేటలో ఉందనుకొని గంప తెచ్చాను. ఎడమచేత్తో పట్టాను, కళ్లు మూసుకొని పట్టాను, వేరే సంచి గింజలు తెచ్చాను. ఒక్కొక్కటే మార్చి చూడటం, కారణం కానిదాన్ని పక్కకు తోసేయడం ఆ చేట ముందే నేర్చుకున్నాను. పెద్దయ్యాక మూఢనమ్మకాల గురించి చర్చావేదికల మీద పెద్దపెద్ద పండితులతో వాదించినప్పుడు నేను చేసింది కూడా అంతే.

మా అక్క మాత్రం ఆటలోకి రాలేదు. ఆమెను ఎవరూ పిలవలేదు కూడా. తల వంచుకొని ఒలుస్తూ, మధ్యమధ్య చేటవైపు చూసేది. అలా ఒకరోజు పొట్టు దులుపుకొని లేచి వచ్చి, మూసిన గుప్పిట అత్త ముందు చాపింది. అత్త తన గింజలు పోసింది. అక్క గుప్పిట విప్పితే అందులో ఏమీ లేదు.

"నీవి యేవే?"

"నావి లేవత్తా. ఏమీ లేకపోతే ఒంటిదీ లేదు గదా. ఇప్పుడు ఒంటిది మిగిలేటట్లు చెయ్యల్ల నువ్వు."

జతలు కట్టి చూస్తే నిజంగానే ఒకటి మిగిలింది. అక్క ఆ గింజను వేలితో పక్కకు జరిపింది. "ఇది నీదే. నువ్వు ఎప్పుడు వచ్చినా ఒంటిగింజ పట్టుకోనే వస్తాండావు. మా దాంట్లో ఒంటిది ఉంటే దీనికి జత అయితాది. లేకుంటే ఇదే మిగిలిపోతాది. మా గుప్పిట్లో ఎన్నున్నాయో నీకు తెలియాల్సిన పనే లేదు."

అత్త అక్క ముఖంలోకి చూస్తూ, "నీకు లెక్కలు రావని ఎవురే చెప్పింది?" అని అడిగింది.

"అందురూ" అంది అక్క. పోయి తన చోట్లో కూర్చొని మళ్లీ ఒలవడం మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున నాయన వాకిట్లో గొర్రుకు తాళ్లు బిగిస్తున్నాడు. విత్తడానికి ఆ గొర్రు కదిలిందంటే నా బడి ముగిసినట్టే. గుప్పెడు పగిలిన గింజలు తీసుకుపోయి ఆయన ముందు పెట్టి ఆట ఆడదామన్నాను. పిల్లల ముచ్చటలే అన్నట్టు మొదట ఒక్కసారి ఆడాడు, ఓడాడు. మళ్లీ ఆడాడు. తాళ్లు కింద పడేశాడు. "యేందే దీని మతలబు?" అన్నాడు.

"చెప్పను నాయనా. నువ్వే కనుక్కో."

మా ఇంట్లో నాయనకు ఎదురు చెప్పినవాళ్లు లేరు. లోపల అమ్మ చేతిలో చెంబు ఆగిపోయింది. నాయన మాత్రం కోప్పడలేదు. నేలమీద గింజలు పరిచి జతలు కట్టాడు, విప్పాడు, మళ్లీ కట్టాడు. ఎండ వాకిట్లోకి వచ్చినా లేవలేదు. చివరికి ఒక గింజను రెండు వేళ్ల మధ్య పట్టుకొని, "ఇదా! నీ చేతిలో ఎప్పుడూ ఇదొకటి ఎక్కువ ఉంటాది" అన్నాడు. ఆయన ముఖంలో అంత వెలుతురు నేను వాన పడిన రోజు కూడా చూడలేదు. కాసేపటికి ఆ వెలుతురు తగ్గింది. "నన్ను గూడా అట్లే అన్న్యారు, లెక్కలెక్కవని. రెండో తరగతిలోనే మానిపిచ్చినారు" అన్నాడు మెల్లగా. తర్వాత నా తలమీద చెయ్యి పెట్టి, "లెక్కలెక్కని తల అయితే ఇది కనుక్కుంటాదా? నువ్వు బడికి పోవే" అన్నాడు.

గోడ అవతల అత్త వింటూనే ఉంది. "అన్నా, కనుక్కునింది చిన్నది కాదు, పెద్దది" అంది.

నాయన చెయ్యి నా తలమీదే ఉండిపోయింది. నేను అవునన్నట్టు తలూపాను. ఆయన పంచలో ఉన్న అక్కవైపు చూశాడు, చూడలేక నేలవైపు చూశాడు.

"ఇద్దర్నీ పంపీ అన్నా" అంది అత్త.

నాయన ఏదో చెప్పబోయేలోపే అక్క అంది: "నాకన్నా చిన్న పిల్లోళ్ల పక్కన యెట్ల కూసుందు అత్తా? నవ్వుతారు. చెల్లెల్ని పంపండి." పొట్టు గంప ఎత్తుకొని మేకల దగ్గరికి పోయింది. నాయన ఆమెను వెనక్కి పిలుస్తాడేమోనని ఎదురుచూశాను. గొంతు సవరించుకున్నాడు కానీ పిలవలేదు.

నేను బడికి పోయాను. ఆ ఏడాది గొర్రు తోలేదాకా వాన ఉంది, పూత దశలో మొహం చాటేసింది. అవ్వ నన్ను చూపించి, "చెప్తే వింటిరా? విత్తనంతో ఆటలాడితిరి, వాన అలిగిపాయ" అని శాపనార్థాలు పెట్టింది. పల్లెలో అది చిన్న నింద కాదు. నన్ను బడి మాన్పించి చేనికి దించడానికి అంత కారణం చాలు. నాయన గోడకు ఆనుకొని కూర్చొని అన్న మాట ఇదీ: "ఊళ్లో అందరి చేన్లూ ఎండినాయి గదమ్మా. వాళ్లంతా గింజలతో ఆడినారా?" ఒంటిగింజ మర్మం విప్పిన మనిషి అవ్వ నమ్మకంలోని తప్పును కూడా అదే పద్ధతిలో విప్పాడు. గణితం పిల్లలకు ఎందుకని నన్ను అడిగేవాళ్లకు నేను చెప్పే జవాబు మా నాయన అడిగిన ఆ ఒక్క ప్రశ్నే. కూడికలు చేయడానికి యంత్రాలున్నాయి. భయపెట్టే మాట ఎదురైనప్పుడు నిలబడి "అయితే అది మిగతాచోట్ల ఎందుకు జరగలేదు?" అని అడగడం మనిషి నేర్చుకోవలసిందే.

నేను గణితం చదివాను, చెప్పాను, మూఢనమ్మకాల మీద ఊరూరా మాట్లాడాను. ఈ మధ్య అక్క ఇంటికి పోయినప్పుడు ఆమె మనవరాలు బడి లెక్క పట్టుకొని ఆమె దగ్గరికి వచ్చింది. అక్క పుస్తకంవైపు చూడనైనా చూడకుండా, "నాకు లెక్కలు రావమ్మా, మీ చిన్నవ్వనడుగు" అంది. ఆ పంచలో అందరికంటే ముందు కారణం కనుక్కున్న మనిషి. ఒక జీవితమంతా ఇంటినీ చేనునూ నడిపిన మనిషి. బెత్తం పట్టినాయనా, నక్షత్రం చూసినాయనా ఎప్పుడో మట్టిలో కలిసిపోయారు, వాళ్లన్న మాట మాత్రం ఆమె నోట ఇంకా బతికే ఉంది. ఆ రోజు నుంచి నేను మోస్తున్నది గెలిచిన సంతోషం కాదు, ఈ మాట బరువు.

మీ ఇంట్లోనో, మీ బడిలోనో, మీ వీధిలోనో ఆ మాట అనిపించుకొని తల వంచుకొని పని చేసుకుంటున్న పిల్ల ఒకతె ఉంది. ఈ రోజే ఆమె దగ్గర కూర్చోండి. ఎందుకో తేలని ఒక ఆట ఆమె ముందు పెట్టండి. బెత్తం బయట పారేయండి, జవాబు నోట్లోనే ఉంచుకోండి, ఆమె కనుక్కునేదాకా లేవకండి. ఆమె కనుక్కున్నాక గొంతు సవరించుకొని ఊరుకోకండి. పేరు పెట్టి, నలుగురూ వినేలా, ఆమెను వెనక్కి పిలవండి.