మా బావ బాగుచెయ్యని బ్రేకు

మా అక్క మొగుడికి సైకిళ్ళంటే ప్రాణం, సైకిలెక్కేవాళ్ళంటే ఒళ్ళుమంట. పాతికేళ్ళుగా రిపేరు షాపు నడుపుతూ ఏ బండినీ పల్లెత్తు మాట అనలేదు. తిట్లన్నీ దాన్ని తోసుకొచ్చిన మనిషికే. డిస్కు బ్రేకుల మౌంటెన్ బైకులు వచ్చాక ఆయన నోటికి చేతినిండా పని దొరికింది. చక్రం మధ్యలో పలచని ఉక్కు పళ్ళెం, దాన్ని రెండు పక్కలా నొక్కిపట్టే ప్యాడ్లు. వాటి మధ్య వెంట్రుకవాసి తేడా వస్తే చాలు, బండి అరుస్తుంది. బండి అరిస్తే బావ అరుస్తాడు.

వీధి మలుపులో చప్పుడు వినగానే జబ్బు చెప్పేస్తాడు, బండిది కాదు, మనిషిది. కీచుమంటే డిస్కుని వేళ్ళతో నిమిరిన వెధవ. సిర్రుమంటే బండిని గోడకేసి కొట్టిన వెధవ. ఓసారి పళ్ళ డాక్టరు వచ్చాడు.

"డిస్కు మీద చెయ్యి వేశారా?"

"వేడెక్కిందేమోనని ఊరికే చూశానండీ."

"పన్ను పీకే ముందు చెయ్యి కడుక్కుంటారా?"

"కడుక్కుంటాను."

"మరి ఇదేం పాపం చేసింది?"

డాక్టరు వెళ్ళి చేతులు కడుక్కొచ్చేదాకా బావ డిస్కు తుడిచే స్పిరిట్ సీసా మూత తియ్యలేదు. చేతుల జిడ్డు డిస్కుకి అంటితే అది జన్మంతా కీచుమంటుందని ఆయన సిద్ధాంతం.

నేనేం తక్కువ తిన్నాను? నా బండి కీచుమంటోందని కుట్టుమిషను నూనె పోశాను. చప్పుడు ఆగింది. దాంతోపాటు బ్రేకు పడటం కూడా ఆగింది. తిన్నగా బావ షాపులోకే దూసుకెళ్ళి టైర్ల గుట్టలో పడ్డాను. ఆయన నా మోకాళ్ళ వంక చూడలేదు, డిస్కు వంక చూశాడు. "బ్రేకుకి నూనె పోసేవాడికి పోస్టాఫీసులో ఉద్యోగం ఎవడిచ్చాడ్రా? స్టాంపులకి కూడా నూనె రాసే అతికిస్తావా?" అన్నాడు. ఆ తిట్ల మధ్యలోనే పని కూడా నేర్పాడు. ప్యాడ్లని పట్టుకునే క్యాలిపర్ బోల్టులు రెండూ వదులు చెయ్యి, బ్రేకు పిడి నొక్కిపట్టు, అది తనంతట తాను తిన్నగా కూర్చుంటుంది, అప్పుడు బిగించు. ఇంతే విద్య.

ఇంతటి మొనగాడికీ ఒక బండి లొంగలేదు. సంగీతం టీచరుది. ఎనిమిది నెలలుగా వారం వారం తెస్తుంది, ఈయన గంటసేపు కుస్తీ పడతాడు, అది మళ్ళీ సిర్ర్ సిర్ర్ అంటూనే వెళ్తుంది. "చెవి లేనివాళ్ళు ఈ పనిలోకి రాకూడదండీ" అని ఆవిడ ఓసారి మొహం మీదే అనేసింది. చప్పుడు విని జాతకాలు చెప్పే మనిషి తల దించుకున్నాడు. మాటలు కోటలు దాటుతాయి, కాలు గడప దాటదు అంటే ఇదేనని నేను మా అక్కకి చెప్పి మరీ నవ్వాను.

ఒకరోజు సాయంత్రం బావ సామాన్లకి బజారు వెళ్ళాడు. టీచరు బండి వదిలి, పక్క సందులో పాఠం చెప్పడానికి వెళ్ళింది. పోస్టాఫీసు నుంచి వచ్చిన నాకు అదే అదను అనిపించింది. పది నిమిషాల్లో సరిచేసి పెట్టాను. ఆవిడ వచ్చి, చక్రం తిప్పి చూసుకుని, "మీ బావ కంటే మీరే నయం" అనేసి బండెక్కింది. అప్పుడే బావ బజారు నుంచి దిగాడు. పక్కనుంచి చప్పుడు లేకుండా వెళ్ళిపోతున్న బండిని చూశాడు.

"ఏం చేశావురా?"

"ఎనిమిది నెలల్లో మీవల్ల కానిది చేశాను."

ఆయన తిట్టలేదు. నాకు భయం వేసింది అక్కడే. చేతిలో సంచీ పడేసి, వెనక సందులోంచి అడ్డదారిన ఆ బొజ్జతోనే పరుగెత్తాడు. నేను వెనకాలే పరుగెత్తాను. టీచరు ఇంటి మేడమీద కిటికీ చీకటిగా ఉంది. దాని కింద బావ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ, నోటితో, "సిర్ర్... సిర్ర్... సిర్ర్..." అన్నాడు. మతి పోయిందనుకున్నాను. పైన కుర్చీ జరిగిన చప్పుడైంది. దీపం వెలిగింది. కాసేపటికి టీచరు వచ్చి మమ్మల్ని వింతగా చూసింది. మావాడు బోల్టు సరిగ్గా బిగించలేదండీ, బండి ఇవ్వండి, పొద్దున్నే తెచ్చిస్తాను అన్నాడు బావ. "ఇద్దరూ ఇద్దరే" అని ఆవిడ బండి మా మొహాన వదిలేసి పైకి వెళ్ళిపోయింది.

తోసుకొస్తూ దారిలో చెప్పాడు. పోయిన ఏడాది టీచరు బండి మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుందట. అప్పట్నుంచి ఆవిడ తల్లి రోజూ కూతురు వచ్చేదాకా కిటికీ దగ్గర చీకట్లో కూర్చుంటుందట. మలుపులో ఆ సిర్రు వినబడగానే లేచి, కళ్ళు తుడుచుకుని, దీపం వేసి, పేపరు చదువుతున్నట్టు నటిస్తుంది. తల్లి పడే బెంగ తెలిస్తే కూతురు పాఠాలు మానేస్తుంది. ఆ పాఠాలే కూతురి ప్రాణం. అందుకని ముసలావిడే వచ్చి బతిమాలిందట, బ్రేకు పడాలి, చప్పుడు మాత్రం పోకూడదు అని.

"బాగుచెయ్యడం ఎవడైనా చేస్తాడు. అంతవరకే చెడగొట్టడం కష్టంరా" అన్నాడు. ఆ పైన ఆయన నోరు మళ్ళీ మామూలైంది. "జన్మకో మంచి పని చేశావు, అదీ చెయ్యకూడని బండికి."

షాపులో కూర్చుని క్యాలిపర్‌ని వెంట్రుకవాసి పక్కకి జరిపాడు. ఎనిమిది నెలలు నేను నవ్వింది ఈ చేతుల్ని చూసా అని సిగ్గేసింది.

మర్నాడు ముసలావిడ కర్ర ఊతంతో షాపుకి వచ్చింది. అటూ ఇటూ చూసి, బావ చెవిలో మెల్లగా అడిగింది.

"నిన్న బండికి ఆయాసం వచ్చిందేం బాబూ?"