రాజరత్నం గారి బండికి పికప్ లేదు

రాజరత్నం గారికి ఉన్నది ఒకే ఒక్క పట్టుదల. తన డీజిల్ బండిని ఫోర్ వీల్ డ్రైవ్‌లో తప్ప నడపరు. వానైనా, ఎండైనా, వీధి చివరి కొట్లో కాఫీపొడి పొట్లం కోసమైనా సరే, సీటు పక్కనున్న పొట్టి లివర్‌ను పళ్ళు బిగించి వెనక్కి లాగి, "ఫోర్ వీల్ పడింది" అని తనకు తానే చెప్పుకుని మరీ బయల్దేరతారు.

బయల్దేరడం అన్నది మర్యాదకి వాడిన మాట. ఆ బండి వాళ్ళ గేటు దగ్గర మొదలై మా గేటు ముందుకొచ్చే లోపు నేను పాపకు రెండు జడలూ వేసి రిబ్బన్లు కట్టేసేదాన్ని. ఒకసారి బాతుల మంద దాన్ని దాటుకుని పోయింది. పోతూ పోతూ చివరి బాతు జాలిగా వెనక్కి చూసిందని మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"ఏంటండీ రాజరత్నం గారూ, ఈ మాత్రానికి నడిచెళ్ళిపోవచ్చు కదండీ?"

"ఫోర్ వీల్ అండీ. పికప్ రాదు," అనేవారాయన, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని చెప్పినంత దిగులుగా.

ఆయన ఏజెన్సీ కొండల్లో సర్వే పని చేసి రిటైరైన మనిషి. ఆ బురద దారుల్లో నాలుగు చక్రాలూ లాగే బండి లేకపోతే పని జరగదు. ఆ మమకారంతోనే అలాంటి పాత బండి ఒకటి కొనుక్కుని ఊరికొచ్చారు. "ఫ్యామిలీ కారండీ ఇది. ఎనిమిది మంది కులాసాగా కూర్చోవచ్చు," అనేవారు. ఫ్యామిలీ అంటే ఆయనొక్కరే. భార్య సత్యకుమారి గారు పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. ఆదివారం చర్చికి కూడా అంత బండిలో ఒక్కరే కూర్చుని వెళ్ళేవారు. వెనక సీట్లకు మాత్రం ఉతికిన కవర్లు, వాటి మీద ముడత ఉండేది కాదు. దారిలో ఎవరు కనిపించినా కిటికీలోంచి తల బయటపెట్టి, "ఎక్కండి, దింపేస్తాను," అనేవారు.

"వద్దండీ, తొందరగా వెళ్ళాలి," అని అందరూ నడిచి వెళ్ళిపోయేవారు.

నేనూ అలా అన్నదాన్నే. మాది ఆత్రేయపురం దాటాక కాలవగట్టు మీది ఊరు. రెండువేల మూడులో మావారు సముద్రంలో చమురు బావుల దగ్గర పనిచేసేవారు. ఇంట్లో నేనూ, ఒకటో తరగతి దేవిశ్రీ. రాజమండ్రి జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. పాప తుమ్మితే న్యుమోనియా దాకా, జారితే ఎక్స్‌రే దాకా ఆలోచించే రకాన్ని. అలాంటిది, మా పాప నడిచెళ్ళే బడి గట్టు రోడ్డు మీదుంది. ఇటు కాలవ, అటు చేలు, మధ్యలో ఇసుక లారీలు. నాకు నిద్ర ఎలా పడుతుంది?

దానికి తోడు ఈ ఫోర్ వీల్ ఒకటి. పొద్దున్న సరిగ్గా పిల్లలు బడికెళ్ళే వేళకే ఆయనకు కాఫీపొడి అయిపోయేది. సాయంత్రం బడి వదిలే వేళకు చక్కెర నిండుకునేది. రోడ్డు మధ్యలో ఆయన, వెనక వరసగా లారీలు, ఆ వెనక నా బస్సు. ఒకరోజు దేవిశ్రీ నడుచుకుంటూ వచ్చి నా కిటికీ పక్కన కనిపించింది. "అమ్మా, మీ బస్సు చెడిపోయిందా?" అని అడిగి, జవాబు వినకుండానే బస్సును దాటిపోయింది. ఆ రోజు కూడా మొదటి పీరియడ్ పోయింది.

నాకు ఒళ్ళు మండి లెక్క కట్టాను. ఫోర్ వీల్ వేస్తే పికప్ కొంత తగ్గే మాట నిజమే. ముందు చక్రాలను కూడా ఇంజనే తిప్పాలి, మధ్యలో పళ్ళచక్రాల రాపిడి, ఆ సరంజామా బరువు. అన్నీ కలిపినా బండి కాస్త బద్ధకిస్తుంది, అంతే. బురదలో అయితే చక్రాలు జారవు కాబట్టి ఇంకా త్వరగా కదులుతుంది. బాతుల చేతిలో ఓడిపోయేంత నష్టం ఏ సూత్రం ప్రకారమూ రాలేదు.

ఆ ఆదివారం పాప బంతి దొర్లుకుంటూ వెళ్ళి ఆయన బండి కిందకు దూరింది. తీయడానికి నేలను కరుచుకుని లోపలికి చూశాను. వెనక చక్రాలకు వెళ్ళే ఇనుప కడ్డీ ఉంది. ముందు చక్రాలకు వెళ్ళాల్సిన కడ్డీ లేదు. అది ఉండాల్సిన చోట సాలీడు గూడు కట్టుకుని కాపురముంటోంది.

"బాబాయ్ గారూ! మీ బండికి ఫోర్ వీలే లేదు!"

"మెల్లగా అమ్మా, మెల్లగా," అంటూ ఆయన వరండాలోంచి పరిగెత్తుకొచ్చారు. ఆయన పరుగెత్తగలరని నాకప్పుడే తెలిసింది. "అది విరిగిపోతే ఎప్పుడో తీయించేశాను."

"మరి రోజూ ఆ లివర్ లాగుడేంటండీ?"

ఆయన అటూ ఇటూ చూశారు. "పిల్లలు నడిచే టైములో కాస్త మెల్లగా పోండి బాబూ అని లారీవాళ్ళకు చెప్పి చూశానమ్మా. నువ్వెవడివయ్యా చెప్పడానికి అన్నారు. మనిషి అడ్డమొస్తే కొట్టడానికొస్తారు. బండికి జబ్బంటే తిట్టుకుంటూనైనా వెనకాలే వస్తారు. నా బండి దాటి ఎవడూ పోలేడు కదా, ఇరుకు రోడ్డు."

బంతిని చాలాసేపు తుడిచాను.

మర్నాడు పొద్దున్నే గొడవైంది. లారీ డ్రైవర్ లోవరాజు రాజరత్నం గారి బండికి ఎదురుగా నిలబడి రెండు చేతులూ జోడించాడు.

"తమకో దండమండీ బాబూ. ఈ రోజు అటో ఇటో తేలిపోవాలి. ఆ లివరు తీసి టూ వీల్లో పెట్టి, మా కళ్ళ ముందు ఓసారి నడపండి. జోరుగా పోయిందా, ఇక రోజూ అలాగే పోండి. పోలేదా, రేపట్నుంచి ఈ శకటాన్ని ఇంటి దగ్గరే కట్టేసుకోండి."

"ఫోర్ వీల్ అండీ..." అన్నారు రాజరత్నం గారు, మొహం పాలిపోయి. పిల్లలంతా గట్టు వార నిలబడి చూస్తున్నారు. వాళ్ళలో మా పాప ఉంది. నేను బస్సు దిగిపోయాను.

"మంచి టైముకొచ్చారండీ మేడం గారూ!" అన్నాడు లోవరాజు. "తమరు ఫిజిక్స్ చెప్తారంట కదండీ. మీరే తేల్చండి."

గొంతు సవరించుకున్నాను. "ఫోర్ వీల్‌లో ఉన్న బండిని ఎండిన తారు రోడ్డు మీద నడిపితే, మలుపుల్లో ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకదాన్నొకటి పీక్కుంటాయండీ. గేర్లన్నీ బిగుసుకుపోతాయి. అలా బిగిశాక లివరు ఒక పట్టాన ఊడి రాదు. బలవంతంగా లాగితే గేర్‌బాక్సే విరగొచ్చు. విరిగితే బండి ఇక్కడే, రోడ్డు మధ్యలోనే ఉండిపోతుంది."

చెప్పిన ప్రతి ముక్కా శాస్త్రమే. ఎదురుగా ఉన్న బండికి తప్ప లోకంలో అన్ని ఫోర్ వీల్ బండ్లకూ వర్తిస్తుంది.

లోవరాజు బండి కేసి, రోడ్డు వెడల్పు కేసి చూశాడు. "ఇక్కడే ఉండిపోద్దాండీ?"

"ఆయ్."

"అయితే ఏం చేయమంటారండీ మమ్మల్ని?"

"పిల్లలు బడిలోకి వెళ్ళేదాకా వెనకాలే మెల్లగా రండి."

"ఈ బండి చేసినోడు కనిపించాలండీ నాకు," అని గొణుక్కుంటూ లోవరాజు లారీ ఎక్కాడు.

రాజరత్నం గారు చొక్కా కొసతో మొహం తుడుచుకున్నారు. అలవాటు కొద్దీ, జవాబు తెలిసినా సరే, "ఎక్కండమ్మా, దింపేస్తాను," అన్నారు.

తలుపు తీసి పాపను ఎక్కించి, నేనూ ఎక్కాను. ఆయన తన చెవులను తానే నమ్మలేనట్టు వెనక్కి తిరిగి మమ్మల్ని చూశారు. మళ్ళీ చూశారు. అద్దాన్ని మేం కనిపించేలా సర్దుకున్నారు. "కవరు గరుగ్గా ఉందా అమ్మా? గాలి సరిపోతోందా? తల్లీ, బాగా చదువుతున్నావా? మీ టీచరు కొడతారా?" అంటూ ఒకటే ప్రశ్నలు. ఎన్నేళ్ళ మాటలో అన్నీ ఒక్కసారి వరస కట్టాయి. ఆ సంతోషంలో ఆయన కాలు ఏం చేస్తోందో ఆయన చూసుకోలేదు.

బండి ఒక్క ఉదుటున ముందుకు దూకింది. నా సంచి ఎగిరి ఒళ్ళో పడింది. గాలికి దేవిశ్రీ రిబ్బన్లు లేచాయి. "భలే తాతగారూ! ఇంకా!" అని అది చప్పట్లు కొట్టింది.

"బాబాయ్ గారూ, ఫోర్ వీల్! ఫోర్ వీల్!" అని అరిచాను.

ఆయన నాలిక్కరుచుకుని బ్రేకు తొక్కారు. వెనక నుంచి లారీ హారన్, దాన్ని మించి లోవరాజు గొంతు.

"ఏవండోయ్ మేడం గారూ! అదేంటండీ, లగెత్తింది?"

కిటికీలోంచి తల బయటపెట్టాను. ముందు చూస్తే కనుచూపు మేర రోడ్డంతా అరచెయ్యిలా చదునుగా ఉంది.

"పల్లం వచ్చిందండీ!" అన్నాను.