వావిలి నూనె, మూడు సున్నాలు

తెలంగాణ వచ్చిన కొత్తలో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు వావిలాకు నేనే ఎంచుకున్నాను. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టినదాన్ని. మా తిరుమలగిరి వైపు పొద్దుగూకితే దొడ్లో వావిలాకు పొగ వేస్తారు. క్లాసులో నా దగ్గర గొర్రెల వాసన వస్తోందని ముక్కు మూసుకున్నవాళ్లకు ఆ ఆకు సంగతి చూపించాలని పంతం పట్టాను.

నాయిన రెండు గోనె సంచుల ఆకు బస్సులో తెచ్చి నల్లగొండలో నా హాస్టల్ గేటు దగ్గర దింపాడు. ఫ్లాస్కులో ఆకు, నీళ్లు వేసి మూడు గంటలు మరిగిస్తే, ఆవిరి చల్లబడి, సన్నని గాజు గొట్టంలో నీటి మీద లేత పసుపు నూనె తేలేది. సంచెడు ఆకుకు చెంచాడు కూడా రాదు.

ఆ నూనెలో ముంచిన కాగితపు బిళ్లలను బ్యాక్టీరియా పెంచిన గాజు పళ్లేల్లో పెట్టాను. నూనె ఆ బ్యాక్టీరియాను చంపితే బిళ్ల చుట్టూ ఖాళీ వలయం రావాలి. మూడుసార్లు చేశాను. ఒక్కసారీ రాలేదు; రికార్డులో మూడు సున్నాలు వేశాను. ఏడుపొచ్చింది.

"పదో పన్నెండో మిల్లీమీటర్లని వెయ్యమ్మా, ఎవరొచ్చి కొలుస్తారు? సున్నాలుంటే నేను సంతకం పెట్టను" అన్నారు గైడ్ సారు.

సంతకం లేకపోతే డిగ్రీ లేదు. నాకు ఒళ్లు మండింది.

నాయినకు ఫోన్ చేసి, ఆకు పనిచేయలేదని భయపడుతూనే చెప్పాను. పకపకా నవ్వాడు.

"దోమలు రావద్దని గా పొగ ఏస్తం బిడ్డా. రోగం పురుగుల్ని సంపుతదని నేనెప్పుడన్న? జర చేతికి రాసుకొని దొడ్లె కూసో, నీకే తెలుస్తది."

ఆదివారం ఇంటికి పోయి, కుడి చేతికి ఉత్త కొబ్బరినూనె, ఎడమ చేతికి వావిలి నూనె కలిపిన కొబ్బరినూనె రాసుకుని సాయంత్రం గొర్రెల మధ్య కూర్చున్నాను. మర్నాడు సారు బల్ల మీద రెండు చేతులూ చాపాను. కుడి చేయంతా దద్దుర్లు, ఎడమ చేతికి రెండే.

"బాగుంది, ఇదైనా రాయి" అన్నారు.

"రాయను సార్. ఒక్కసారి చూసింది రుజువు కాదు. కళ్లారా చూసినదే రాయనిదాన్ని, లేని వలయాలు ఎట్లా రాస్తాను? మీరు సంతకం పెట్టకుంటే ఈ సున్నాలతోనే ఫెయిలవుతా."

 ఆయన విసురుగా రికార్డు లాక్కుని సంతకం గీకారు. క్లాసులో అందరికంటే తక్కువ మార్కులు నాకే పడ్డాయి. ఇప్పటికీ నా ప్రాజెక్టు చూస్తామన్నవాళ్లకు ముందుగా ఆ సున్నాల పేజీయే తెరిచి చూపిస్తాను.