గోడ మీద సూర్యులు

అప్పుడు నాకు ఏడో నెల. ఊరి నుంచి రావడం ఆలస్యమై, అత్తమ్మా నేనూ అశోక్ చౌక్‌లో సిటీ బస్సు కోసం నిలబడి ఉండగానే సూర్యగ్రహణం పట్టింది. అత్తమ్మ గబుక్కున తన కొంగు నా కడుపు మీద కప్పింది.

పక్కన ఒకామె నిలబడి ఉంది. దుప్పట్లలో పూలు నేయడానికి చిల్లులు కొట్టిన జకార్డు అట్టలు ఆమె చేతిలో ఉన్నాయి.

"నా బిడ్డ కడుపుల ఉన్నప్పుడు గూడ గ్రహణం పట్టిందక్కా. నేను బయటనే తిరిగిన. అది ఇప్పుడు పదోది చదువుతుంది," అంది.

"అయితే సూర్యున్ని చూడమంటవా ఏంది?" అత్తమ్మ కోపంగా అడిగింది.

"వద్దు. సీదా చూస్తే కండ్లు పోతయి, గది నిజమే. గోడ మీద చూడు. నా బిడ్డ చెప్తే ముందుగాల నేను గూడ నమ్మలె."

బస్టాపు వెనక ఉన్న గోడకు దూరంగా జరిగి, ఆమె ఒక అట్టను ఎండకు ఎత్తి పట్టింది. ఒక్కో చిల్లుకు ఒక్కో సూర్యుడు, గోడ నిండా నెలవంకలే.

"చంద్రుడు అడ్డమొచ్చిండు. జరిగిపోతడు, అంతే."

అత్తమ్మ చాలాసేపు చూసింది. తర్వాత అట్ట అడిగి తీసుకుని తానే పట్టింది. నెలవంకలు నా చీర మీద పడితే చిన్నపిల్లలా నవ్వింది. నేనూ నవ్వాను.

ఇంతలో మా బస్సు వచ్చింది. అత్తమ్మ కదల్లేదు. దిగుతున్న ఆడవాళ్లను ఆపి, "మీదికి చూడకుండ్రి, ఇటు గోడ దిక్కు చూడుండ్రి," అని చెబుతోంది.