రెండో ఎత్తుకే రాజు బయటికి

ఆ రోజుల్లో, అంటే డిగ్రీ చదువుతూ ఫోన్‌లో చదరంగం వీడియోలు చూసి నన్ను నేనే ఉద్దండురాలిననుకున్న రోజుల్లో, ఓపెనింగులనే మొదటి ఎత్తుల వరసలు కంఠస్థమైతే చాలు, గెలుపు దానంతటదే వస్తుందని నా గట్టి నమ్మకం. కరీంనగర్‌లో ఎవరైనా ఆడొచ్చని టోర్నమెంటు పెడితే పేరిచ్చేశాను. మరమగ్గం నడిపే మా బాపు ఒకటే మాటన్నాడు: "ఒక్క ఆటన్న గెలిచి రా బిడ్డా. లేకుంటే గీ ఫోన్ల గుర్రాలు, ఏనుగులు అన్ని బంద్." బాపు అన్నాడంటే అన్నట్టే.

పొద్దుటి నుంచి ఆడినవన్నీ ఓడాను. (ఓపెనింగులు బాగానే కుదిరాయి. ఆ తర్వాతేం చేయాలో వీడియోలవాళ్లు చెప్పలేదు.) ఇక మిగిలింది చివరి ఆట. ఎదురుగా ఇచ్చోడ నుంచి వచ్చిన లెక్కల సారు, నవ్వని మనిషి. ఎట్లాగైనా గెలవాల్సిందేనని పళ్లు బిగించి రాజు ముందరి బంటును రెండు గళ్లు జరిపాను. ఆయనా అదే చేశాడు. అప్పుడు చూశాను, నా రాజు గడిలో కాస్త ఓరగా నిలబడ్డాడు. మగ్గమున్న ఇంట్లో పుట్టినదాన్ని, వంకర కనబడితే నా చెయ్యి ఊరుకోదు. పోయి రాజును పట్టుకుంది.

సారు తలెత్తి నా చెయ్యి వంక చూశాడు. పోటీలో ముట్టుకున్నదాన్నే జరపాలి. రాజుకున్న దారి ఒక్కటే, బంటు ఖాళీ చేసిన గడి. రెండో ఎత్తుకే రాజును ముందుకు నడిపించినవాళ్లను నేనైతే ఏ వీడియోలోనూ చూడలేదు. ఏడుపొచ్చింది. కానీ బాపు మాట తలుచుకుని, అంతా అనుకునే చేసినట్టు ముఖం పెట్టి, రాజును ఒక గడి జరిపి గడియారం మీట నొక్కాను.

"ఇదేంది చెల్లె, రాజునా?"

"ఔ సార్, రాజునే."

సారు పరేషానయ్యాడు. ఇందులో ఏదో మర్మముందని ప్రతి ఎత్తుకూ ముందు వెనక చూడసాగాడు. నా ఒంటె పోయింది, ఏనుగు పోయింది, రాజు పలకంతా పరుగెత్తాడు, అయినా నేను పట్టు విడవలేదు. ఇంకొంచెంలో నా ఆట కట్టేస్తాడనగా ఆయన గడియారంలో సమయం అయిపోయింది. నేను గెలిచాను.

"గా ఓపెనింగ్ పేరేంది చెల్లె? నేనెన్నడు సూడలే," అన్నాడు సారు చెయ్యి కలుపుతూ.

"మా ఇంట్ల ఆడేదే సార్," అన్నాను.

ఇంటికొచ్చి బాపుకు ఉన్నదున్నట్టు చెప్పాను. మగ్గం ఆపి విని, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వి, "గెలుపు గెలుపే. ఆడుకో," అన్నాడు.

ఇప్పుడు నా ఆట బాగుపడింది. రాజును వేళకు మూలకు చేర్చి, ముందర బంట్లను కాపలా పెట్టి, ఒకటికి రెండుసార్లు ఆలోచించి గానీ చెయ్యి చాపను. ఓడినా మర్యాదగా ఓడుతున్నాను. అంత చిక్కులో పడి కూడా తలెత్తుకుని కూర్చున్న ఆ పిల్ల, ఆనాటి నేను, ఎదురైతే మాత్రం ఒక ఆట ఆడాలనుంది. నన్ను ఓడిస్తుందనే నా అనుమానం.